ఫస్ట్ ఎయిడ్ పెట్టెకు తాళం ఎందుకు?

పోయిన వారం నా పాత దోస్తు ఒకాయన ఫోన్ చేశాడు. సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకుంటున్నాడు, ఇరవై మంది పనివాళ్ళు. "మంచి ఫస్ట్ ఎయిడ్ కిట్ ఏదైనా ఉంటే ఆన్‌లైన్ లింక్ పంపురా, ఆర్డర్ పెట్టేస్తా" అన్నాడు. పంపుతాలే అన్నాను కానీ పంపలేదు. కిట్ ఎక్కడైనా దొరుకుతుంది, అతనికి చెప్పాల్సింది వేరే ఉంది, అది ఫోన్లో చెబితే సగం చెవికెక్కదు, అందుకే కూర్చుని ఇక్కడ రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో చర్లపల్లి వైపు ఒక షీట్ మెటల్ షెడ్డులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. పవర్ ప్రెస్సులు, రేకు కత్తిరించే షియరింగ్ మెషీన్, వెల్డింగ్, గ్రైండింగ్, ఒక మూల పెయింటింగ్, రెండు షిఫ్టులూ కలిపి డెబ్బై మంది దాకా ఉంటాం. మా దగ్గర కూడా ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండేది. ఆఫీసు గదిలో మేనేజర్ గారి కుర్చీ వెనక గోడకు, తెల్ల రంగు పెట్టె, దానికో చిన్న ఇత్తడి తాళం. ఆ తాళంచెవి మేనేజర్ గారి సొరుగులో ఉండేది, సొరుగు తాళంచెవి ఆయన బండి తాళాల గుత్తిలో, ఆయనేమో సాయంత్రం ఆరున్నరకు ఇంటికి. రెండో షిఫ్ట్ రాత్రి పదకొండున్నర దాకా నడుస్తుంది. ఇన్నేళ్ళుగా ఈ లెక్క మాలో ఒక్కరికీ తట్టలేదు, ఒక మనిషి వేళ్ళు పోయేదాకా.

ఒడిశా కుర్రాడు. ప్రెస్ మీద మంచి చెయ్యి. ఆ రాత్రి తొమ్మిది దాటాక ప్రెస్ అచ్చులో (డై అంటాం) ముక్క ఇరుక్కుంది, చేత్తో లాగబోయాడు, కాలు పెడల్ మీదే ఉండిపోయింది. చెయ్యి లోపలికి పోకుండా ఆపే గార్డు ఉందా అంటే ఉంది, విప్పి గోడకు ఆనించి ఉంది, గార్డుతో పని నెమ్మదిగా సాగుతుందని. ఇది మా తప్పే, దానికి ఏ సాకూ లేదు. నేను వెళ్ళేసరికి కుర్రాడు ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఏడవటం లేదు, అరవటం లేదు, అలా చూస్తున్నాడంతే. మధ్యవేలు, ఉంగరం వేలు పై కణుపు దగ్గర లేవు.

అప్పుడు మేం చేసినవన్నీ వరసగా చెప్తాను, ఎందుకంటే రేపు మీ దగ్గరా ఇదే జరుగుతుంది. ఒకతను కాఫీపొడి కోసం క్యాంటీన్‌కు పరిగెత్తాడు. ఇంకొకతను మెషీన్లు తుడిచే కాటన్ వేస్ట్ తెచ్చి చేతికి చుట్టాడు, నూనె మరకలతో సహా. నేను పెట్టె కోసం ఆఫీసులోకి పరిగెత్తి, తాళం చూసి, మళ్ళీ షెడ్డులోకొచ్చి సుత్తి పట్టుకుని వెళ్ళి పగలగొట్టాను. లోపల మూత బిగుసుకుపోయిన డెట్టాల్ సీసా, పసుపు పచ్చగా మారిన దూది, జిగురు ఎండిపోయిన ప్లాస్టర్లు, రెండేళ్ళ కిందే గడువు దాటిన బెటాడిన్, ఇవి కాక గేట్ పాసుల పుస్తకం ఒకటి, ఎవరిదో సెల్ చార్జర్ ఒకటి. శుభ్రమైన గాజ్ గుడ్డ ఒక్క ముక్క లేదు. ఈలోగా ఒక పెద్దాయన, పాపం మంచి మనసుతోనే, తెగిన వేలి ముక్కలు ఏరి, బయట జ్యూస్ బండి దగ్గర ఐస్ తెచ్చి, ప్లాస్టిక్ గ్లాసులో ఐస్ ముక్కల మధ్యన వేశాడు. ఆటోలో హాస్పిటల్‌కు వెళ్ళాం.

అక్కడ సర్జన్ గ్లాసు చూసి ఏం మాట్లాడలేదు కాసేపు. తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ప్రెస్ కింద నలిగిన వేలు, ఎంత బాగా తెచ్చినా అతుకుతుందని మాట ఇవ్వలేం, కానీ ఐస్ నేరుగా తగిలితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి, ఇక ప్రయత్నించడానికి కూడా ఏమీ మిగలదు అన్నాడు. తెగిన ముక్కను సెలైన్‌తో గానీ శుభ్రమైన నీళ్ళతో గానీ తడిపి పిండిన గాజ్ గుడ్డలో చుట్టాలి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టాలి, ఆ కవర్‌ను ఇంకో కవర్లోనో డబ్బాలోనో ఉన్న ఐస్ నీళ్ళల్లో పెట్టాలి. ఐస్‌కూ వేలికీ మధ్య గుడ్డ, కవరు రెండూ ఉండాలి. చేతికేమో శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోవాలి, చెయ్యి గుండె కన్నా పైకెత్తి ఉంచాలి, గుడ్డ తడిస్తే తీసేయకుండా దాని మీదే ఇంకోటి పెట్టాలి. అంతే. కాఫీపొడి, పసుపు, పొగాకు, ఏదీ వద్దు, గాయం కడగడానికే వాళ్ళకు అరగంట పట్టింది ఆ రాత్రి.

రెండు నిమిషాల్లో నేర్చుకునే సంగతి ఇది. పద్దెనిమిదేళ్ళు ప్రెస్ షాపుల్లో పనిచేసిన నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

తర్వాత చట్టం తీసి చదివాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 45వ సెక్షన్. ఒకే సమయంలో పనిలో ఉండే ప్రతి 150 మందికి కనీసం ఒక పెట్టె ఉండాలి, అందులో రూల్స్‌లో చెప్పిన వస్తువులు తప్ప ఇంకేవీ పెట్టకూడదు (గేట్ పాసుల పుస్తకం గుర్తొచ్చి సిగ్గేసింది), ప్రతి పెట్టెకూ ఒక బాధ్యుడు ఉండాలి, అతనికి ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉండాలి, పని గంటలన్నిట్లో అతను అందుబాటులో ఉండాలి. 500 మంది దాటితే అంబులెన్స్ గది కూడా ఉండాలి అని అందులో ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన, 2020లో చేసిన కొత్త కార్మిక భద్రత కోడ్‌లో కూడా పెట్టె పని గంటలన్నిట్లో చేతికందేలా ఉండాలనే ఉంది. చూడండి, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే రాసిపెట్టిన మాట. మనం పెట్టె మాత్రం కొన్నాం, మనిషిని వదిలేశాం. నా దోస్తుకు నేను మొట్టమొదట చెప్పాలనుకున్నది ఇదే. కిట్ తర్వాత కొందువు గానీ, ఏ షిఫ్టులో ఎవరు అన్నది ముందు తేల్చుకో. పేరు రాసి గోడకు అంటించు. అతను సెలవు పెడితే ఇంకొకరెవరో అది కూడా రాయి. రాత్రి షిఫ్టుకు పగటి మనిషి పేరు రాస్తే లాభం లేదు.

నేనూ ఇంకో ఇద్దరం ట్రైనింగ్ తీసుకున్నాం. ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ ఇండియా ఇలాంటి వాళ్ళు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తారు. నేనేదో లెక్చర్ అనుకుని వెళ్ళాను, తీరా చూస్తే మోకాళ్ళ మీద కూర్చోబెట్టి బొమ్మ ఛాతీ నొక్కించారు. గుండె ఆగిన మనిషికి చేసే సీపీఆర్ అన్నమాట. సెల్‌ఫోన్లో వీడియోలు వంద చూసుంటాను, కానీ చెయ్యి పెట్టి నొక్కితేగానీ అది ఎంత కష్టమో తెలియలేదు. పెద్దవాళ్ళకైతే ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద, ఒక అరచేతి మడమ పెట్టి దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, మన ఒంటి బరువంతా వాలుస్తూ నొక్కాలి. కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, మనం అలసిపోయి వాలిపోతే అది లేవదు. బొమ్మ లోపల సరిగ్గా దిగితే టక్కుమని చప్పుడొస్తుంది. మొదటి నలభై దాకా టక్కు టక్కుమన్నది, తర్వాత చప్పుడు ఆగిపోయింది, నేనేమో బాగానే నొక్కుతున్నాననుకుంటున్నాను. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలంటారు. అంటే ఒక్కరికి నేర్పితే చాలదు, షిఫ్టుకు కనీసం ఇద్దరుండాలి.

ఇంకో విషయం అక్కడే తెలిసింది. గుండె ఆగిన వాళ్ళలో కొందరు మొదటి కొన్ని నిమిషాలు నోరు తెరిచి తెరిచి ఎగశ్వాస తీస్తుంటారు, ఒడ్డున పడ్డ చేప నోరు కొట్టుకున్నట్టు. చూసేవాళ్ళు "ఊపిరి ఆడుతోందిలే" అనుకుని వదిలేస్తారు. అది ఊపిరి కాదు. భుజం తట్టి గట్టిగా పిలిస్తే పలక్కుండా, మామూలుగా శ్వాస తీసుకోకుండా ఉంటే 108కి ఫోన్ కొట్టించి వెంటనే నొక్కడం మొదలుపెట్టాలి. నోట్లో నోరు పెట్టి గాలి ఊదడం రాకపోయినా పరవాలేదు, నొక్కడం ఒక్కటే చేసినా మేలు. పక్కటెముకలు విరుగుతాయేమో అని మా వాళ్ళలో ఒకరు అడిగితే, విరగొచ్చు, ఎముక అతుక్కుంటుంది, మెదడుకు రక్తం ఆగిపోతే తిరిగి తేలేం అన్నారు ట్రైనింగ్ ఇచ్చినాయన. పెద్ద ఆఫీసుల్లో ఏఈడీ అని, ఆగిన గుండెకు షాక్ ఇచ్చే మెషీన్ ఒకటి గోడకు పెడుతున్నారు, తెరిస్తే అదే మాట్లాడుతుంది, ఎక్కడ అంటించాలో, ఎప్పుడు పక్కకు జరగాలో చెప్తుంది. అలాంటి చోట పనిచేసేవాళ్ళు ఇవాళే వెళ్ళి అది ఏ ఫ్లోర్‌లో ఉందో చూసిరండి. మా షెడ్డులో లేదు, ఓనర్ గారిని అడుగుతూనే ఉన్నాను.

అసలు నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేళ్ళ సంగతి కన్నా ఇంకొకటి ఉంది. మా స్టోర్స్ అన్న. యాభై దాటాయి, షుగర్ ఉంది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఛాతీలో పట్టేసినట్టుంది అన్నాడు. "గ్యాస్ అన్నా, పొద్దున మిర్చి బజ్జీలు తిన్నావుగా" అన్నాం. సోడా తెప్పించాం. ఈనో కలిపి ఇచ్చాం. ఒకతను వీపు రాశాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది, రేకుల షెడ్డు కదా ఎండాకాలం కదా అనుకున్నాం. ఎడమ దవడ లాగుతోందన్నాడు, పన్ను నొప్పేమో అన్నాం. ఇట్లా గంట పైనే. చివరికి కళ్ళు తిరుగుతున్నాయంటే బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు ఇద్దరు. దేవుడి దయ వల్ల బతికాడు, స్టెంట్ వేశారు, కానీ గుండె పంపింగ్ తగ్గిందట, ఇప్పుడు మెట్లు ఎక్కితే ఆయాసం. వాళ్ళావిడ మమ్మల్నెవర్నీ ఒక్క మాట అనలేదు. "మీరంతా అక్కడే ఉన్నారు కదా అన్నా" అంది ఒక్కసారి నాతో. అంతే.

ఈ గ్యాస్ అనే మాట మన తెలుగువాళ్ళ నోట్లో నుంచి పోతే ఎంతమంది బతుకుతారో. గ్యాసో గుండెపోటో తేల్చాల్సింది ఈసీజీ, మనం కాదు. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టో పిసికినట్టో ఉండి కొన్ని నిమిషాల్లో తగ్గకపోతే, నొప్పి చేతికో మెడకో దవడకో పాకితే, చెమటలు పడితే, ఊపిరి అందకపోతే, వాంతి వచ్చేట్టుంటే, ఇక వాదన వద్దు. ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో అసలు ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, నీరసం, పొట్ట పైభాగంలో మంటలాగా కూడా రావొచ్చు. చేతిలో పని ఆపించి, ఎట్లా సుఖంగా ఉంటే అట్లా కూర్చోబెట్టి, నడిపించకుండా, మెట్లు దింపకుండా, బండి అసలే నడపనివ్వకుండా 108కి చెయ్యాలి. ఆస్పిరిన్ నమలమనడం గురించి ఫోన్లో వాళ్ళనే అడగండి, మందు పడనివాళ్ళు, రక్తస్రావం ఉన్నవాళ్ళు ఉంటారు. వాట్సాప్‌లో తిరిగే "నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర" సలహా మాత్రం ఎవరికి పడితే వాళ్ళకు వద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, డాక్టర్ రాసిచ్చిన వాళ్ళకే అది.

మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, ఇది పక్షవాతం, దీనికీ ఇంతే తొందర. గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, కాబట్టి ఎన్ని గంటలకు మొదలైందో టైము చూసి గుర్తుపెట్టుకోండి, హాస్పిటల్లో మొదటి ప్రశ్న అదే. నాటు మందు కోసం ఊరు తీసుకెళ్దాం అని ఎవరైనా అంటే గట్టిగా అడ్డుపడండి.

మా లోడింగ్ సెక్షన్‌లో ఒక కుర్రాడికి ఫిట్స్ వచ్చినప్పుడు నేను ఆ వైపే ఉన్నాను. కింద పడి కొట్టుకుంటున్నాడు. క్షణంలో చుట్టూ ఐదు తాళాల గుత్తులు, బండి తాళాలు, ఇంటి తాళాలు, లాకర్ తాళాలు, ఇనుము చేతిలో పెడితే తగ్గుతుందని. నలుగురు కాళ్ళూ చేతులూ తొక్కిపట్టారు, ఒకరు పళ్ళ మధ్య చెంచా దూర్చారు, ముందు పన్ను అంచు విరిగింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ప్రేమతోనే చేశారు, చిన్నప్పటి నుంచి చూసింది అదే. ఇప్పుడు మేం నేర్పుతున్నది ఇంకోటి. చుట్టుపక్కల తగిలే సామాను తీసెయ్యండి, తల కింద మడిచిన చొక్కా ఏదైనా పెట్టండి, మెడ దగ్గర గుండీ విప్పండి, గడియారం చూడండి. పట్టి ఆపొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు పొయ్యొద్దు. కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చొంగ బయటికి కారిపోయేలా. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో అదే ఆగుతుంది. ఐదు నిమిషాలు దాటినా, ఆగి తెలివి రాకముందే మళ్ళీ వచ్చినా, జీవితంలో మొదటిసారి వచ్చినా, దెబ్బ తగిలినా 108. చేతిలో తాళాలు పెట్టడం వల్ల హాని లేదులే అని ఒకాయన వాదించాడు, నిజమే కావొచ్చు, కానీ తాళాలు వెతుకుతున్న మనిషి తల కింద గుడ్డ పెట్టడు.

పాత అలవాట్లు ఇంకా చాలా ఉన్నాయి. వెల్డింగ్ వాళ్ళకు కాలితే టూత్‌పేస్ట్ రాసుకుంటారు. కాలిన చోట కుళాయి కింద ధారగా చల్లటి నీళ్ళు, ఇరవై నిమిషాలు, నేను చెప్పేది నిజంగా ఇరవై, రెండు కాదు. ఐస్ వద్దు. ఉంగరం, గడియారం వాచేలోపే తీసెయ్యాలి. బొబ్బలు చిదమకూడదు. గ్రైండింగ్ దగ్గర కంట్లో రజను పడితే పక్కవాడు అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి తీసేస్తాడు, ఎక్స్‌పర్టులున్నారు మా దగ్గర, ఇది చూసినప్పుడల్లా నా ప్రాణం పోతుంది. నలపకుండా శుభ్రమైన నీళ్ళతో కడుక్కుని, పోకపోతే కంటి డాక్టర్ దగ్గరికే. గుచ్చుకుని ఉందనిపిస్తే కడగడం కూడా వద్దు, కంటి మీద ఏదీ నొక్కకుండా, అడ్డుగా పేపర్ కప్పు పెట్టి తీసుకెళ్ళాలి. యాసిడో థిన్నరో కంట్లో పడితే మాత్రం ఆ క్షణం నుంచే నీళ్ళు, రెప్పలు తెరిచిపట్టి కనీసం పదిహేను నిమిషాలు, ఆ తర్వాతే ఆటో.

కరెంటు షాక్ కొడితే మనిషిని పట్టుకోవద్దు, మెయిన్ ఆపండి. ఇది అందరికీ తెలుసంటారు. మెయిన్ ఎక్కడుందో చూపించమని ఒకరోజు అడిగాను, పది మందిలో ముగ్గురు చూపించారు. ఇప్పుడు ప్యానెల్ మీద ఎర్ర పెయింట్‌తో బాణం గుర్తు వేశాం, ముందర సామాను పెట్టడం మానేశాం. అట్లాగే సంపు. క్లీనింగ్‌కు దిగిన మనిషి లోపల పడిపోతే వెనకే ఇంకొకరు దూకొద్దు. ఒకరి కోసం ఒకరు దిగి ఇద్దరూ ముగ్గురూ పోయారని పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు. లోపల గాలి లేదో, విషవాయువు ఉందో కంటికి కనపడదు. ఫైర్ వాళ్ళకు 101 కొట్టండి, 112కి కొట్టండి, పైనుంచి తాడుతో లాగగలిగితే లాగండి. తమ్ముడే పడిపోయినా దిగొద్దు అని చెప్పాలంటే నోరు రాదు, అయినా చెప్పాలి.

గేటు గురించి ఎవరూ రాయరు, నేను రాస్తాను. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 ఇప్పుడు పల్లెల్లో పిల్లలకు కూడా నోటికొచ్చిన నంబరు. అంబులెన్స్ వస్తుంది. మొన్న మేలో పెయింటింగ్ హెల్పర్ వడదెబ్బకు పడిపోయినప్పుడు కూడా వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, ఏదేదో మాట్లాడుతున్నాడు. నీడకు లాగి, చొక్కా విప్పి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ పెడెస్టల్ ఫ్యాన్ పెట్టాం, తెలివి సరిగ్గా లేదు కాబట్టి ఓఆర్‌ఎస్ తాగించబోయిన అతన్ని ఆపాను, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇదంతా బాగానే చేశాం. కానీ అంబులెన్స్ ముందు గేటుకొచ్చింది, ముందు గేటు ఎప్పుడూ మూసే ఉంటుంది, వెనక గేటుకు తిరిగొస్తే సందులో కాయిల్ లారీ అడ్డంగా ఉంది, లారీ డ్రైవర్ భోజనానికి పోయాడు. సైరన్ వినపడుతోంది, మనిషి కనపడుతున్నాడు, స్ట్రెచర్ రాదు. ఆ ఏడెనిమిది నిమిషాలు నాకు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

అందుకని ఇప్పుడు మా దగ్గర నలుగురి పని నాలుగు ముక్కలుగా పంచాం. ఒకరు పేషెంట్ దగ్గర, కదలకూడదు. ఒకరు ఫోన్, స్పీకర్ పెట్టి, అవతలివాళ్ళు చెప్పేదాకా కట్ చెయ్యకూడదు. ఒకరు పెట్టె తేవాలి. వాచ్‌మన్ తాత రెండు గేట్లూ తెరిచి, మెయిన్ రోడ్డు మీదికి ఎవరినైనా టార్చ్ ఇచ్చి పంపాలి. ఫోన్ పక్కనే గోడకు కాగితం, దాని మీద మా అడ్రస్, ఫేజ్, లైన్ నంబర్, దగ్గరి గుర్తు, ఏ గేటు, తెలుగులో, హిందీలో, ఒడియాలో. టెన్షన్‌లో సొంత ఇంటి అడ్రస్సే నోటికి రాదు మనిషికి. తాత మొదట్లో "నాకెందుకు బాబూ ఈ డాక్టర్ పనులు" అన్నాడు. స్ట్రెచర్ లోపలికి రావాలంటే ముందు గేటు తియ్యాల్సింది నువ్వే తాతా అంటే కాసేపు ఆలోచించి, తాళాలు రెండు గుత్తులు చేయించుకున్నాడు. మూడు నెలలకోసారి చెప్పకుండా డ్రిల్ పెడతాం. మొదటిసారి పెట్టె రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఇప్పుడు నిమిషం లోపే.

ఇక కిట్. గాజ్ గుడ్డలు ఎక్కువ, దొరికినన్ని. రోలర్ కట్లు, త్రికోణం గుడ్డ, ప్లాస్టర్, గ్లౌజులు, సెలైన్ సీసాలు, బెటాడిన్, గుడ్డలు కోసే పెద్ద కత్తెర, జిప్ కవర్లు (వేళ్ళ కోసం, ప్రెస్ షాప్ కాబట్టి), ఓఆర్‌ఎస్, షుగర్ పడిపోయిన వాళ్ళకు గ్లూకోజ్, నోట్‌బుక్, పెన్ను. మీ పనిని బట్టి మారుతుంది, యాసిడ్ ఉన్నచోట ఐ వాష్ తప్పనిసరి. నెల మొదటి సోమవారం గడువు తేదీలు చూడాలి, చూసినతను సంతకం పెట్టాలి. మా దగ్గర ఇప్పుడు ఈ పని చేసేది ఆ ఒడిశా కుర్రాడే, తనే అడిగి తీసుకున్నాడు.

పెట్టెను ఆఫీసులోంచి తీసి ప్రెస్సుల పక్కన స్తంభానికి బిగించి తాళం లేకుండా వదిలేస్తాం అన్నప్పుడు మేనేజర్ గారు ఒప్పుకోలేదు. సామాను పోతుంది, మూడో రోజుకే ఖాళీ అవుతుంది అన్నారు. పోతే నా జీతంలో కోసుకోండి సార్ అన్నాను. ఏడాదిన్నర అయింది. ప్లాస్టర్లు కాస్త ఎక్కువ అయిపోతున్నాయి, చిన్న చిన్న గీతలకు కూడా వేసుకుంటున్నారు, వేసుకోనివ్వండి, ఇంతకుముందు గ్రీజు చేతులతోనే తిరిగేవాళ్ళు. నిజంగా పోయింది ఒక్క కత్తెర. వెతికితే టూల్ రూమ్‌లో దొరికింది, గ్యాస్కెట్లు కత్తిరిస్తున్నారు దాంతో. వాళ్ళకు వేరే కత్తెర కొనిచ్చి, పెట్టెలో కత్తెరకు దారం కట్టాం.